లేవని చేతులు

క్రితం వారం సాల్కిన్‌ని మనం దీపాలు వెలిగిన హాల్లో, కుర్చీల వరసల మధ్య నిలబెట్టి వదిలేశాం. ఆమె తీసిన సినిమా వాళ్ళ ఊరు కారాకోల్‌లో ఆడుతోంది. ఊరంతా తెర చూస్తుంటే ఆమె మాత్రం ఊరిని చూస్తోంది. తెర పక్కన పరదా చాటున పీట వేసుకుని, ఆట మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా జనం ముఖాలే చదువుతోంది.

ఎందుకో పాత పాఠకులకు తెలుసు. ఎనిమిదేళ్ళ కిందట ఆమె అన్న ఎర్మెక్‌ని ఎవరో ఎత్తుకుపోయారు. తలకు పిండిసంచి తొడిగి, కుర్చీకి కట్టి, కొన్నాళ్ళపాటు ఒకే ఒక్క ప్రశ్న అడిగి, చివరికి ఊరి బయట పడేసి వెళ్ళారు. వ్యాను నడుపుకుంటూ ఊళ్ళన్నీ తిరిగిన మనిషి ఆనాటి నుంచి గడప దాటలేదు. ఏం జరిగిందని ఎవరడిగినా నోరు విప్పలేదు. చెల్లెలికి మాత్రం ఒకే ఒకసారి, జ్వరంలో, ఒక సంగతి చెప్పాడు. అడగడం పూర్తయినప్పుడల్లా ఆ ప్రశ్న అడిగే మనిషి దీవించేవాడట. ఇంట్లో పెద్దవాళ్ళు దీవించినట్టే నిదానంగా దీవించి, "ఓమీన్" అని ముగించేవాడట. ఓమీన్ అనగానే ఎవరి అరచేతులతో వాళ్ళు ముఖం తుడుచుకోవడం అక్కడి ఆచారం. ఎర్మెక్ చేతులు కట్టేసి ఉన్నాయి కాబట్టి, ఆ కట్టిన చేతుల్ని తనే పట్టుకుని సంచి మీదుగా అతని ముఖం తుడిచేవాడట.

ఆ గదిలో ఉన్నవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియని సంగతి అది. దాన్ని తెరమీద పెడితే, ఆ మనిషి హాల్లో ఉంటే, అతని ఒళ్ళు ఏదో ఒకటి చెప్పకుండా ఉండదని సాల్కిన్ నమ్మింది. సినిమా తీసింది దానికోసమే. ఎవరూ పట్టించుకోని ఆ సినిమాకి హాలు ఉచితంగా ఇచ్చి ఆదుకున్నవాడు ఎసెన్‌గుల్ తాత. తెల్లగడ్డం, మెత్తని మాట. ఊళ్ళో ఏ పెళ్ళి జరిగినా దీవెన ఆయన నోటినుంచే రావాలి.

ఇక ఆ మధ్యాహ్నం ఆట సంగతి. ఆటకి ముందు తాతే తెర దగ్గర నిలబడి అందర్నీ దీవించాడు.

కారాకోల్ జనం సినిమాని బుద్ధిగా చూసే రకం కాదు. తెరమీద వాళ్ళకి నాలుగు మంచిమాటలు చెప్పకపోతే వాళ్ళకి టికెట్టు గిట్టుబాటు కాదు. సినిమాలో డ్రైవరు ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టాడో లేదో ముందు వరసలో ఒక ముసలమ్మ అందుకుంది.

"వెళ్ళకురా నాయనా. ఆ మూల ఆగిన కారు నాకు నచ్చలేదు."

"వాడు వెళ్ళకపోతే సినిమా ఎలా నడుస్తుంది పెద్దమ్మా?" అన్నాడు వెనకనుంచి ఒక టాక్సీవాడు.

"నడవకపోతే నీకేం పోయింది? వాడి ప్రాణం దక్కుతుంది. నువ్వు నీ టాక్సీ నడుపుకో."

హాలంతా నవ్వింది. పొద్దుతిరుగుడు గింజలు కొరికే చప్పుడు రేకుల మీద వానలా సాగుతూనే ఉంది. సంచి తొడిగిన తల తెరమీదికి వచ్చినప్పుడు కూడా కాసేపు సాగింది. అడిగేవాడి ముఖం సినిమాలో ఎక్కడా కనబడదు. టీ పోసే చెయ్యి కనబడుతుంది, గొంతు వినబడుతుంది. ఆ గొంతు కోప్పడదు. బిడ్డకి అన్నం తినిపించేటప్పుడు మాట్లాడే గొంతులా ఉంటుంది.

"బండిలో ఇంకెవరున్నారు?"

గింజల చప్పుడు ఆగిపోయింది. ఎవరో చెప్పి ఆపించినట్టు అన్ని వరసల్లోనూ ఒక్కసారే ఆగింది. రోజూ అక్కడే ఆగుతుంది.

మళ్ళీ అదే ప్రశ్న. మళ్ళీ అదే నిదానం. తర్వాత టీ గిన్నె పక్కన పెట్టిన చప్పుడు. ఆ గొంతు దీవెన మొదలుపెట్టింది. నీ దారి తెరుచుకోవాలి, నీ నాలుక కట్లు విడిపోవాలి, నీ ఇంట్లో వాళ్ళు చల్లగా ఉండాలి. ఓమీన్.

హాల్లో చేతులు లేచాయి.

పుట్టిన దగ్గర్నుంచి భోజనం అయ్యాక, ప్రయాణానికి ముందు, పెళ్ళిలో, చావులో, పెద్దవాళ్ళు దీవించగానే అరచేతులెత్తి ముఖం తుడుచుకున్న చేతులవి. లేవడానికి అవి మనసుని అడగవు. ముసలమ్మవి లేచాయి, టాక్సీవాడివి లేచాయి, ఒళ్ళో నిద్రపోతున్న బిడ్డని పక్కకి జరిపి మరీ ఒక తల్లివి లేచాయి. సగం దూరం వెళ్ళాక తెరమీద ఏం జరుగుతోందో అర్థమైంది. సంచి మీదుగా కట్టిన చేతులు. చీకట్లో అన్ని అరచేతులూ గాలిలో ఆగిపోయాయి. ఎటు పెట్టుకోవాలో తెలియక ముసలమ్మ తన చేతుల్ని తొడల కింద దాచుకుంది. ఇంకొకామె కోటుకేసి తుడుచుకుంది. తమ చేతులు తమని మోసం చేసినట్టు జనం వాటికేసి చూసుకున్నారు.

కుడివైపు చివరి కుర్చీలో, కల్పక్ టోపీ పెట్టుకున్న మనిషి చేతులు మాత్రం లేవలేదు. అంతకుముందు రెండుసార్లు వచ్చినప్పుడూ లేవలేదు. మోకాళ్ళ మధ్య వాటిని బిగించి పట్టుకుని, ఏం రాబోతోందో ముందే తెలిసినవాడిలా కూర్చున్నాడు.

ఆట అయ్యాక జనం గింజల తొక్కల మీద నడుచుకుంటూ వెళ్ళిపోయారు. ఆ మనిషి లేవలేదు. సాల్కిన్ పరదా చాటునుంచి వచ్చి అతని ముందు నిలబడింది. ఇక్కడే కదా క్రితం వారం మనం ఆగింది.

"మీకు చేతులెత్తే అలవాటు లేదా?" అంది.

అతను తలెత్తాడు. యాభై దాటిన మనిషి. కళ్ళ కింద నలుపు. "నిన్నే అడుగుదామని కూర్చున్నాను," అన్నాడు. "ఆ చేతుల సంగతి నీకెవరు చెప్పారు?"

"ముందు అడిగింది నేను."

"ఇక్కడ వద్దు. నలుగురూ ఉన్నచోట కూర్చుందాం."

హాలు బయట టీ కొట్టులో జాంగిల్ అక్క కౌంటరు తుడుస్తోంది. కిటికీ బయట మంచు పడుతోంది. మూల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. జాంగిల్ అక్క చిన్న గిన్నెల్లో సగానికి టీ పోసి, సాల్కిన్ ముఖం చూసి, "సంసా తెమ్మంటావా? పొద్దున్నుంచి నీ కడుపులోకి ఏం వెళ్ళిందో ఆ దేవుడికే తెలియాలి" అంది.

"వద్దక్కా."

"వద్దంటావని తెలుసు. అయినా అడగడం నా పని."

ఆమె వెళ్ళాక అతను టోపీ తీసి బల్ల అంచున పెట్టాడు. అది జారింది. నేల తాకేలోపే గబుక్కున పట్టుకుని, దుమ్ము లేకపోయినా దులిపి, మోకాలి మీద పెట్టుకున్నాడు. సాల్కిన్ ఆ వేళ్ళకేసి చూసింది. ఎనిమిదేళ్ళుగా కలలోకి వస్తున్న చేతులు ఇవేనా అనుకుంది. అసహ్యం వేసింది. అంతకంటే ఎక్కువగా భయం వేసింది.

"నా పేరు మాంబెత్. తేనెటీగలు పెంచుతాను," అన్నాడతను. "మొదటిసారి చూశాక నువ్వు వాళ్ళ మనిషివనుకున్నాను. నన్ను బయటికి లాగడానికి తీశారనుకున్నాను. రెండోసారి వచ్చింది నీ ముఖం చూడటానికి. పరదా చాటున పీట వేసుకుని కూర్చుంటావు. నీకు నేను కనబడితే నాకు నువ్వు కనబడవా?"

"వాళ్ళంటే ఎవరు?"

"నీకు నిజంగా తెలియదా?"

"తెలిస్తే సినిమా ఎందుకు తీస్తాను? ఆ కుర్చీలో కూర్చున్నది మా అన్న."

టీ గిన్నెని రెండు చేతులతో పట్టుకున్నాడు కాని తాగలేదు.

"ఎర్మెక్ చెల్లెలివి," అన్నాడు చివరికి. "అదే అనుకున్నాను. మీ అన్న తర్వాత అదే కుర్చీలో నేను కూర్చున్నాను అమ్మాయ్. అదే సంచి. లోపల ఇంకా పాత పిండి వాసన ఉంది."

సాల్కిన్ వెతుకుతున్నది సంచి తొడిగినవాణ్ణి. ఎదురుగా కూర్చున్నది సంచి తొడిగించుకున్నవాడు. అసహ్యం ఒక్కసారిగా చల్లారి, దాని చోట సిగ్గు వచ్చి కూర్చుంది.

"మిమ్మల్నెందుకు తీసుకెళ్ళారు?"

"మీ అన్న నా పేరు చెప్పాడు."

ఆ మాట అతను మామూలుగా అన్నాడు.

"తేనె డబ్బాలు వేసుకుని ఎప్పుడూ అతని వ్యానులోనే వచ్చేవాణ్ణి. నా పేరు అతనికి తెలుసు. బండిలో ఇంకెవరున్నారంటే నా పేరు చెప్పాడు. కోపం తెచ్చుకోవాలని చాలా ఏళ్ళు ప్రయత్నించాను. రాలేదు. ఎందుకంటే అతను చెప్పని పేరు ఇంకోటి ఉంది."

"ఏ బండి? ఏ ప్రయాణం? అన్న నాకెప్పుడూ చెప్పలేదు."

"నీ సినిమా మొదట్లో ఒక ముక్క పెట్టావు. కొండదారిలో వ్యాను ఆగుతుంది. వెనక సీట్లో చిన్నపిల్ల నిద్రలో కదులుతుంది. డ్రైవరు వెనక్కి తిరిగి ఏమంటాడు?"

"గొర్రె అడ్డమొచ్చింది, పడుకో," అంది సాల్కిన్. "అది కథలోది కాదు. అన్న నాతో నిజంగా అన్న మాట. చదువుకునేటప్పుడు సెలవులకి వస్తుంటే దారిలో ఎక్కడో ఆపాడు. నా శాలువా సర్ది, అలా అని, మళ్ళీ బండి తీశాడు. ఆ తర్వాత అన్న నాతో అంత ప్రేమగా మాట్లాడింది లేదు. అందుకే పెట్టుకున్నాను."

మాంబెత్ ఆమె కళ్ళలోకి చూశాడు.

"అది గొర్రె కాదు."

కౌంటరు దగ్గర గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడుతోంది.

"మా ముందు ఒక నల్లబండి వెళ్తోంది," అన్నాడు మాంబెత్ గొంతు తగ్గించి. "గొర్రెలు తోలుకుంటూ ఒక ముసలాయన దారి దాటుతున్నాడు. గుద్దేసింది. దిగి చూసి, ఇంకా కదులుతున్నాడని తెలిసి కూడా, అలాగే బండెక్కి వెళ్ళిపోయారు. దీపాల వెలుగులో దిగినవాడి ముఖం మీ అన్న చూశాడు, నేను చూశాను. నువ్వు నిద్రపోతున్నావు. అది వాళ్ళకి తెలియదు. వాళ్ళు మా వ్యాను దీపాల్ని చూశారు, లోపల ఎంతమంది ఉన్నారో చూడలేదు."

"నేనేం చూడలేదు," అంది సాల్కిన్. చిన్నపిల్ల గొంతు వచ్చింది.

"నాకు తెలుసు. వాళ్ళకి ఎలా తెలుస్తుంది? నన్ను అడిగినప్పుడు వెనక సీట్లో నా డబ్బాలు తప్ప ఎవరూ లేరన్నాను. అడిగారు, దీవించారు, మళ్ళీ అడిగారు. అదే మాట అన్నాను. వదిలేశాక ఊరు వదిలి కొండల్లోకి పోయాను. నీ సినిమా సంగతి విని దిగొచ్చాను. ఆ గొర్రె మాట తెరమీద వినగానే నాకు ఒళ్ళు చల్లబడింది. సినిమాలో ఆ కట్టిన చేతుల్ని చూసి కాదు తల్లీ నేను భయపడింది. మూడో మనిషి ఎవరో నీ అంతట నువ్వే ఊరందరికీ చూపించావు."

అన్న ఎనిమిదేళ్ళు నోరు కుట్టుకుని దాచిన సంగతి. ముక్కూ ముఖం తెలియని ఒక మనిషి దెబ్బలు తిని దాచిన సంగతి. ముద్దుగా ఉంది కదా అని ఆమె దాన్ని మొదటి సన్నివేశంలో పెట్టింది.

"పర్లేదు," అంది తనకి తానే చెప్పుకుంటున్నట్టు. "వాళ్ళు సినిమా చూసి ఉండాలి కదా. చూడకపోతే ఏం లేదు."

మాంబెత్ తల అడ్డంగా ఊపాడు.

"ఇవాళ ఆటకి ముందు తెర దగ్గర నిలబడి దీవించింది ఎవరు?"

"ఎసెన్‌గుల్ తాత. ఈ హాలు ఆయనదే. బిష్కెక్‌లో కూతురింట్లో ఉండి ఇవాళే..."

మాట పూర్తి కాలేదు. మాంబెత్ ముఖం చూసి ఆగిపోయింది.

"నేను ముఖం చూడలేదు అమ్మాయ్. సంచి ఉంది. గొంతు ఒక్కటే విన్నాను. ఆ గొంతుని నిద్రలో కూడా మర్చిపోను. నీ దారి తెరుచుకోవాలి అని మొదలుపెడతాడు. దారి అన్న దగ్గర కాస్త సాగదీస్తాడు. ఇవాళ అతను దీవించగానే వరసల్లో అందరూ చేతులెత్తారు. నువ్వూ ఎత్తావు."

కాదనడానికి సాల్కిన్ నోరు తెరిచింది. ఆకలేస్తే సంసాలు పంపిన తాత. షూటింగు మొదటిరోజు మంచులో నిలబడి కెమెరాని దీవించిన తాత. సినిమాలో ఆ దీవెన మాటలు ఎవరు సరిచేశారో అప్పుడు గుర్తొచ్చింది. అన్న జ్వరంలో చెప్పింది తునకలు తునకలుగా ఉంటే, మిగతాది ఇలా ఉంటే బాగుంటుంది తల్లీ అని కూర్చోబెట్టి చెప్పింది తాతే. ఎన్నిసార్లు పిలిచినా ఆయన తమ ఇంట్లోకి రాలేదు. గుమ్మం దాకా వచ్చి, కాళ్ళకి బురదంటూ, పనుందంటూ వెనక్కి తిరిగేవాడు. ఎర్మెక్ లోపల ఉండే ఇల్లు అది. ఎర్మెక్ వినే ఇల్లు.

రోజూ ఆట అయ్యాక ఆయన ఫోను చేసి అడిగే మాట కూడా గుర్తొచ్చింది. జనం ఎలా చూస్తున్నారు తల్లీ? అందరూ చేతులెత్తుతున్నారా?

"నిన్న నేను చెప్పాను," అంది. "కల్పక్ పెట్టుకున్న ఒకాయన ఎత్తట్లేదు తాతా అని చెప్పాను."

మాంబెత్ కళ్ళు మూసుకున్నాడు. తిట్టలేదు. అతను తిట్టి ఉంటే ఆమెకి కాస్త తేలికయ్యేది.

"అందుకే ఇవాళ వచ్చాడు," అన్నాడు. "హాలు నీకెందుకిచ్చాడనుకున్నావు? నువ్వు అతనికోసం వల వేశావు. అదే వలని పట్టుకుని అతను నాకోసం కూర్చున్నాడు."

"నల్లబండిలోంచి దిగింది ఎవరు? ఆ ముఖం ఎవరిది?"

అతను చెప్పడానికి ముందుకి వంగాడు. తలుపు తెరుచుకుంది. చలిగాలితో పాటు ఎసెన్‌గుల్ తాత లోపలికొచ్చాడు. భుజాల మీద మంచు. వెనక ఇద్దరు మనుషులు గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఏంటి తల్లీ, అతిథిని చల్లారిన టీతో కూర్చోబెట్టావు? మీ అమ్మ ఇలాగే పెంచిందా?" అన్నాడు నవ్వుతూ. "జాంగిల్, ఆ కెటిల్ ఇలా ఇవ్వు."

కెటిల్ తనే అందుకున్నాడు. మాంబెత్ గిన్నెలో పోశాడు. సగం దగ్గర ఆపలేదు. అంచుదాకా, పొంగి బల్ల మీదికి కారేదాకా పోశాడు. కూర్చోమనే అతిథికి ఎవరూ అలా పోయరు. తాగేసి లేచి వెళ్ళు అనడానికే అలా పోస్తారు. జాంగిల్ అక్క చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఒకసారి ముసలాయన్ని, ఒకసారి సాల్కిన్‌ని చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

"చాలా దూరంనుంచి వచ్చినట్టున్నారు," అన్నాడు తాత మాంబెత్‌తో. "మావాళ్ళు దిగబెడతారు. మంచు పడుతోంది, దారి మంచిది కాదు."

దారి అన్న దగ్గర కాస్త సాగదీశాడు. రోజూ విన్న గొంతే. సాల్కిన్‌కి ఇవాళే వినబడింది.

"నేను నడిచిపోతాను," అన్నాడు మాంబెత్.

"అలాగే కానీండి. వెళ్ళేవాళ్ళని దీవించకుండా పంపలేం కదా."

తాత అరచేతులు పైకెత్తాడు. పెళ్ళిళ్ళలో ఎత్తినట్టే, ఊరంతా ముచ్చటపడేటట్టే ఎత్తాడు.

"నీ దారి తెరుచుకోవాలి. ఇల్లు చల్లగా ఉండాలి. నిద్రపోయినవాళ్ళు నిద్రపోతూనే ఉండాలి. లేవకూడదు, చూడకూడదు, చూసింది చెప్పకూడదు."

మాంబెత్ చేతులు మోకాళ్ళ మధ్యే ఉన్నాయి. సాల్కిన్ తన చేతులకేసి చూసుకుంది. ఎత్తకపోతే తనకి తెలిసిపోయిందని ఆయనకి తెలుస్తుంది. ఎత్తు, అని చెప్పుకుంది. ఇవాళ మధ్యాహ్నం దాకా అడగకుండా లేచిన చేతులు. ఇప్పుడు బతిమాలినా లేవడం లేదు. బల్ల మీద, కారిన టీలో, వేరేవాళ్ళవిలా పడి ఉన్నాయి.

తాత ఓపిగ్గా చూశాడు. ఆమెకేసి, ఆమె చేతులకేసి చూశాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"ఫర్వాలేదు తల్లీ. అలసిపోయినట్టున్నావు."

ఆయన వంగి ఆమె రెండు మణికట్లూ పట్టుకున్నాడు. మెత్తని వెచ్చని వేళ్ళు. ఆమె చేతుల్ని ఆమె ముఖం దాకా తీసుకెళ్ళి, నుదుటి మీద ఆనించి, కళ్ళ మీదుగా, బుగ్గల మీదుగా నెమ్మదిగా కిందికి తుడిచాడు. తన అరచేతుల చీకట్లో సాల్కిన్‌కి కుర్చీ చప్పుడు వినబడింది. బరువైన అడుగులు, తలుపు, గాలి వినబడ్డాయి. అరుద్దామనుకుంది.

"ఓమీన్," అన్నాడు ఆయన ఆమె చెవి దగ్గర. "గొర్రె అడ్డమొచ్చింది తల్లీ. పడుకో."

ఆయన చేతులు వదిలాక ఆమె కళ్ళు తెరిచింది. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది. నిండా పోసిన టీ ఇంకా ఆవిరి కక్కుతోంది. బల్ల కింద, తడి నేల మీద, మాంబెత్ కల్పక్ తలకిందులుగా పడి ఉంది.